చెరువెంత, తూమెంత

ఇన్వర్టర్ కొనడానికి ఏ దుకాణానికి వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. "రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. నాలుగు గంటలు గ్యారంటీ సార్." ఆదోనిలో అడిగినా అదే, బళ్లారిలో అడిగినా అదే. మీ ఇంట్లో ఫ్యాన్లు ఏ కాలంనాటివి, లైట్లు ఎన్ని వాట్లవి, బ్యాటరీని ఎక్కడ పెడతారు అని అమ్మేవాడు అడగడు. కొనేవాడికి చెప్పాలని తోచదు. ఆ నాలుగు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇద్దరికీ తెలియదు.

హాలహర్విలో మా మేనమామ అట్లాగే ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆలూరు నుంచి బళ్లారికి పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక. సంతలో తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. మే నెలలో పగలంతా నిప్పులు కురిసి, సాయంత్రం గాలివాన లేచిందంటే ఎక్కడో ఒక చోట తీగ తెగుతుంది, లేదా కొమ్మ విరిగి పడుతుంది. లైన్‌మన్ దాన్ని వెతికి పట్టుకునే దాకా ఊరు చీకట్లో ఉంటుంది. అట్లాంటి ఒక రాత్రి మామ ఫోన్ చేశాడు.

"ఏం అల్లుడా, నాలుగు గంటలని చెప్పి ఇచ్చె. రెండున్నర గంటలకే కుయ్యోమని కూసుండె. మోసపోతినేమో సూడు."

మోసం ఏమీ లేదు. కానీ ఆ రెండున్నర గంటల వెనక ఉన్న లెక్క తెలిస్తే, మీ ఇంట్లోనో దుకాణంలోనో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మీరే కట్టుకోవచ్చు. అందుకని మామ ఇంటినే కొలతకు తీసుకుందాం.

ఆయన బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ అని ఉంది. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్. ఈ రెంటినీ గుణిస్తే 1,800 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్, కరెంటు బిల్లులో ఉండే ఆ యూనిట్టే. అంటే అంత బరువున్న డబ్బాలో నిండా నింపినా దాగేది 1.8 యూనిట్లే. ఇక ఇంట్లో ఆ రాత్రి నడిచినవి: పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 75 వాట్లు. ఒక టేబుల్ ఫ్యాను 50. చోకుతో కలిపి చెరో 50 వాట్లు తాగే పాత ట్యూబ్‌లైట్లు రెండు. టీవీ 60. మొత్తం 360 వాట్లు. 1,800ను 360తో భాగిస్తే సరిగ్గా అయిదు గంటలు. వచ్చినవి రెండున్నర. మరి సగం ఎవరు తిన్నారు?

మొదటి వాటా ఇన్వర్టర్‌ది. బ్యాటరీలో ఉండేది డీసీ కరెంటు, గోడలో మనకు కావలసింది 230 వోల్టుల ఏసీ. ఈ మార్పు ఊరికే జరగదు. నూటికి పదిహేను వంతులు వేడిగా పోతుందనుకోవడం న్యాయమైన అంచనా. ఇన్వర్టర్ మీద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం అదే. అయిదు గంటలు నాలుగుంపావుకు వచ్చాయి.

రెండో వాటా తీసుకునేది ఎవరో చాలామందికి తెలియదు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా అదే. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసిన చోటే చిన్న అక్షరాల్లో సీ-20 అని ఉంటుంది. దాని అర్థం, ఈ బ్యాటరీని 20 గంటల పాటు నిదానంగా, 7.5 ఆంపియర్ల చొప్పున తోడుకుంటే 150 వస్తుందని. తొందరపెట్టి తోడితే అంత రాదు. మామ ఇంటి భారం బ్యాటరీ నుంచి దాదాపు 35 ఆంపియర్లు లాగింది. ఆ వేగంతో లాగితే అదే బ్యాటరీ సుమారు 110 ఏహెచ్ మాత్రమే ఇచ్చి చేతులెత్తేస్తుంది. 1897లో ఈ సంగతిని లెక్కలో పెట్టినవాడు విల్హెల్మ్ ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త. ఆయన సూత్రం ప్రకారం భారం రెట్టింపైతే సమయం సగం కాదు, సగం కన్నా తగ్గుతుంది.

ఎందుకట్లా? లోపల జరిగేది చూస్తే తెలుస్తుంది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంతే తయారుచేసిన సీసపు బ్యాటరీకీ ఇప్పటి ఇన్వర్టర్ బ్యాటరీకీ మూలం ఒకటే. ఒక పలక సీసం, ఇంకో పలక సీసపు ఆక్సైడు, మధ్యలో నీళ్లు కలిపిన గంధకామ్లం. కరెంటు వాడుతున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు రెండు పలకలకూ పట్టుకుంటుంది, మిగిలిన ద్రవం పలచబడుతుంది. మెకానిక్ గాజు గొట్టంతో ద్రవాన్ని పీల్చి చూసేది ఈ పలచదనాన్నే. నిండుగా ఉంటే 1.24 చుట్టుపక్కల చూపిస్తుంది, వట్టిపోతే 1.12 దాకా దిగుతుంది. ఈ చర్య జరిగేది పలకల పైన ఒక్కటే కాదు, స్పాంజిలా ఉండే వాటి సన్నని రంధ్రాల లోపల కూడా. మెల్లగా తోడితే లోపల ఖర్చయిన ఆమ్లం స్థానంలోకి బయటి ఆమ్లం నింపాదిగా చేరుతుంది. ఒక్కసారిగా లాగితే రంధ్రాల్లో ఆమ్లం అయిపోతుంది, బయటిది వచ్చి చేరేంత వ్యవధి ఉండదు. వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టర్ కూత పెడుతుంది. ఎండాకాలం బావిలో మోటారు వేస్తే కాసేపట్లో నీళ్లు అడుగంటి, ఓ గంట ఆపితే మళ్లీ ఊరుతాయి చూడండి, అచ్చం అదే. కూత పెట్టి ఆగిన ఇన్వర్టర్ అరగంట తరవాత మళ్లీ కాసేపు పనిచేయడంలో మాయేమీ లేదు, రంధ్రాల్లో ఊట పట్టింది, అంతే.

నాలుగుంపావు గంటలు ఇక్కడ మూడు గంటల చిల్లరకు తగ్గాయి. కొత్త బ్యాటరీ అయితే మామకు ఆ మూడైనా వచ్చేవి. ఆయనది రెండేళ్ల కిందటిది. మిగిలిన వాటా ఎండ తినేసింది.

ఎండ సంగతి మన పడమటి ఊళ్లలో కొంచెం ఆగి చెప్పుకోవాలి. మన దేశంలో బ్యాటరీ సామర్థ్యాన్ని లెక్కగట్టేది 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆదోని, ఆలూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. రేకుల కప్పు కింద, మెట్ల కింద మూసిన గూటిలో పెట్టిన బ్యాటరీ పరిస్థితి చెప్పనక్కర్లేదు. సీసపు బ్యాటరీకి వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఆ రంగంలోని వాళ్లు వాడే మోటు లెక్క. ఇందులో ఒక తిరకాసు ఉంది. వేడిలో రసాయన చర్య చురుకుగా సాగుతుంది కాబట్టి ఆ పూటకు బ్యాటరీ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. పోయేది ఆయుష్షు. అందుకే ఎండాకాలంలో బాగా పనిచేసిన బ్యాటరీ శీతాకాలం వచ్చేసరికి ఉన్నట్టుండి కూలబడిందని జనం ఆశ్చర్యపోతారు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే. వేడికి, ఛార్జింగుకు లోపలి నీరు తరిగిపోతుంది. మళ్లీ పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మన బోరు నీళ్లలో ఉప్పులెంతో కుండ అడుగున పేరుకున్న తెల్లటి పొరను చూస్తే చాలు. ఆ నీళ్లు పోస్తే పలకల గతి వేరే చెప్పాలా? మామ పోశాడా అని అడిగాను. "నేను పొయ్యలే, మీ అత్త పోసింటది" అన్నాడు. అత్త నవ్వింది గాని ఒప్పుకోలేదు.

ఇప్పుడు దుకాణంలో చెప్పే రెండు అంకెలను విడదీద్దాం. ఇన్వర్టర్ మీద 900 వీఏ అని ఉంటుంది, బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని ఉంటుంది. జనం ఈ రెంటినీ కలగలిపి "పెద్దది, చిన్నది" అంటారు. కట్ట కింద పొలం ఉన్న రైతుకు ఇది సులువుగా తెలుస్తుంది. బ్యాటరీ చెరువు, ఇన్వర్టర్ తూము. చెరువులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయన్నది చెరువుకు సంబంధించిన మాట, ఒక్కసారిగా ఎంత నీరు పారించగలవన్నది తూముకు సంబంధించిన మాట. 900 వీఏ ఇన్వర్టర్ వాస్తవంగా మోయగలిగేది 700 వాట్ల పైచిలుకు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే చెరువు నిండా నీళ్లున్నా తూము చాలక ఆగిపోతుంది. తూము పెద్దది పెట్టినా ఆ పెట్టె గంటలోపే చెరువును ఎండగడుతుంది.

వేడి పుట్టించే సామాను ఏదైనా బ్యాటరీకి శత్రువే. హీటరు, గీజరు, ఇండక్షన్ స్టవ్వు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకే జాతి. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కు వెచ్చబెట్టడానికి మూడోవంతు యూనిట్ పైన పడుతుంది. ఆ కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 38 గంటలు వెలుగుతుంది. వెలుతురు, గాలి, మాట, బొమ్మ, ఇవి ఇప్పటి సాంకేతికతలో చవక. వేడి మాత్రం ఏ కాలానికీ చవక కాదు, నీటి స్వభావమే అంత. నీళ్లు కాచుకోవడానికి కట్టెలపొయ్యో, గ్యాసో, మేడ మీది సోలార్ హీటరో ఉండగా బ్యాటరీని అడగడం పెళ్లికి వచ్చిన పురోహితుణ్ణి వంట చేయమన్నట్టు.

ఫ్రిజ్ కొంచెం వేరే రకం. చిన్న ఒంటి తలుపు ఫ్రిజ్ రోజు మొత్తానికి తినేది ముప్పాతిక యూనిట్ చుట్టుపక్కల. సగటున చూస్తే ముప్పై వాట్లే, ఫ్యానంత కూడా లేదు. కానీ కంప్రెసర్ లేచే ఆ క్షణంలో మామూలు కన్నా అయిదారు రెట్లు లాగుతుంది. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు గురగురమని వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఇబ్బంది లేదు. అయినా గంటా రెండు గంటల కోతకు ఫ్రిజ్‌ను బ్యాటరీ మీద నడపాల్సిన పనే లేదు. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా లోపలి చల్లదనం నిలుస్తుంది. మన ఎండలకు ఒక గంట తగ్గించుకోండి. ఫ్రిజ్ తానే ఒక బ్యాటరీ, చల్లదనాన్ని దాచుకున్న బ్యాటరీ.

ఈ మాట ఆషామాషీగా అనలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పిల్లల టీకాలు భద్రపరిచే పెట్టెలు సరిగ్గా ఇట్లాగే పనిచేస్తాయి. వాటిని ఐఎల్ఆర్ అంటారు, ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్. గోడల లోపల మంచు పొర ఉంటుంది. రోజులో 8 గంటలు కరెంటు వస్తే చాలు, మిగతా 16 గంటలు ఆ మంచే టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య పట్టి ఉంచుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, ఇన్వర్టర్ అక్కర్లేదు, సీసం అక్కర్లేదు. నా దృష్టిలో కరెంటు దాచడానికి మనిషి కనిపెట్టిన ఉపాయాల్లో ఇది అతి తెలివైనది, ఎందుకంటే ఇది కరెంటును దాచదు, కరెంటు చేసిన పనిని దాచుతుంది.

ఇల్లు దాటి బజారులోకి వస్తే లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. జొన్నలు పట్టించే గిర్నిలో ఏడున్నర హార్స్‌పవర్ మోటారు ఉందనుకోండి. గంటకు ఆరు యూనిట్ల పైన తింటుంది. మామ బ్యాటరీ లాంటివి వరసగా పేర్చి మూడు గంటలు నడపాలంటే కనీసం పదిహేను కావాలి, గిర్నిలో జొన్నలు పెట్టే చోటు మిగలదు. పైగా మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకు తూము ఎంత ఉండాలో ఆలోచించండి. గిర్ని యజమాని చేసేది ఇంతకన్నా మంచిది. కరెంటు ఉన్నప్పుడు పట్టేస్తాడు, లేనప్పుడు డబ్బాలు వరసలో నిలబడతాయి. పిండే ఆయన బ్యాటరీ. ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లులకూ ఇదే వర్తిస్తుంది. బ్యాటరీతో గింజ తీసే సాహసం ఎవరూ చేయరు, కాటా దగ్గరి కంప్యూటర్‌కు, ఆఫీసులో రెండు లైట్లకు యూపీఎస్ పెట్టి ఊరుకుంటారు.

జిరాక్స్ దుకాణంలో ఇంకో చిక్కు. కంప్యూటర్, తెర కలిపి వంద, నూటయాభై వాట్లు. చిన్న బ్యాటరీతో పూట గడుస్తుంది. కానీ లేజర్ ప్రింటర్ కాగితం మీద పొడిని కరిగించి అతికించేది వేడితోనే, ఆ కాసేపు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. మళ్లీ వేడే. ఇంక్‌తో పనిచేసే ప్రింటర్‌కు ఇరవై ముప్పై వాట్లు చాలు. కోతలు ఎక్కువున్న ఊళ్లో దుకాణం పెట్టేవాళ్లు పెద్ద బ్యాటరీ కొనే బదులు ప్రింటర్ మార్చుకోవడం మేలు.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్లు గుర్తొస్తాయి ఇక్కడ. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు అది. గుంట మగ్గానికి కరెంటు అక్కర్లేదు, కాళ్లూ చేతులే మోటార్లు. కావలసింది పోగు కనబడే వెలుతురు. 9 వాట్ల బల్బు ఒక్కటే వెలిగిస్తే కొత్త 150 ఏహెచ్ బ్యాటరీ లెక్క ప్రకారం వంద గంటలు దాటుతుంది. అదే ఊళ్లో పవర్‌లూమ్ పెట్టుకున్నవాళ్లకు అదే బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. చేసేది అదే నేత, సమయం మాత్రం యాభై రెట్ల తేడా. బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న ప్రశ్నకు జవాబు బ్యాటరీలో లేదని నేను అనేది ఇందుకే.

పొలం మోటారు సంగతి మామే ఎత్తాడు. "కరెంటు పగటిపూట ఇస్తారు, రాత్రి నీళ్లు కట్టాలంటే బ్యాటరీ పెడితే?" రాష్ట్రంలో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల కరెంటు విధానం. అయిదు హార్స్‌పవర్ మోటారు గంటకు నాలుగున్నర యూనిట్లు తిన్నా తొమ్మిది గంటలకు 40 యూనిట్లు. కొత్త బ్యాటరీ ఒక్కొక్కటి యూనిట్టుంపావు ఇచ్చినా ముప్పై రెండు కావాలి. "వొద్దులే" అన్నాడు మామ. పగలు తోడి తొట్టిలోనో పొలం గుంటలోనో నింపుకుంటే రాత్రి నీళ్లు వాటంతటవే పారతాయి.

అయితే ఇక్కడ ఒక పొరపాటు ఆశ కూడా పుడుతుంది. తొట్టిలో నీళ్లు దాచినట్టే, ఆ నీళ్లను కిందికి వదిలి మళ్లీ కరెంటు పుట్టించుకోవచ్చు కదా అని. మేడ మీద పది మీటర్ల ఎత్తున వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా ఉంటే అందులో ఉన్న శక్తి 0.027 యూనిట్. ఒక ఎల్ఈడీ బల్బుకు మూడు గంటలు. ఒకే ఒక్క యూనిట్ దాచాలంటే టన్ను నీటిని 367 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి. అంటే మామ ఇంట్లో మెట్ల కింద ఉన్న డబ్బాలో, టన్ను నీటిని 660 మీటర్ల ఎత్తు కొండ మీదికి చేర్చినంత శక్తి ఉంటుంది. సీసాన్ని ఎంత తిట్టుకున్నా దాని ఘనత దానిదే.

మరి నీటితో కరెంటు దాచడం కుదరదా అంటే, కొండంత చేస్తే కుదురుతుంది. మన జిల్లా తూర్పున ఓర్వకల్లు దగ్గర 2017లో మొదలైన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. దానికి దగ్గర్లోనే పిన్నాపురం వద్ద, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చే చోట, 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. పగలు ఎండా గాలీ ఇచ్చే కరెంటుతో కింది జలాశయం నుంచి పైదానికి నీళ్లు ఎక్కించడం, కావలసిన వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. నూరు యూనిట్లు పెట్టి ఎక్కిస్తే డెబ్బై అయిదు నుంచి ఎనభై దాకా తిరిగి వస్తాయి. ఇది మనకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు టర్బైన్లు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు టర్బైన్లు ఇట్లా రెండు వైపులా తిరగడానికే కట్టినవి.

పెద్ద ఎత్తున కట్టే బ్యాటరీ కేంద్రాల వార్తలు చదివేటప్పుడు కూడా చెరువు, తూము గుర్తు పెట్టుకోవాలి. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో హార్న్స్‌డేల్ దగ్గర కట్టిన లిథియం బ్యాటరీ అప్పట్లో ప్రపంచంలోనే పెద్దది. 100 మెగావాట్లు, 129 మెగావాట్-అవర్లు. మొదటిది తూము, రెండోది చెరువు. పూర్తి వేగంతో వదిలితే గంటా పావు దాటి కొంచెం. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో సౌర విద్యుత్ కేంద్రానికి జోడించినది 40 మెగావాట్లు, 120 మెగావాట్-అవర్లు. అంటే మూడు గంటలు. పత్రికలు మొదటి అంకె వేసి రెండోది వదిలేస్తే ఆ వార్త మామకు దుకాణదారు చెప్పిన మాటలాంటిదే.

ఈ కేంద్రాల్లో వాడే లిథియం ఇప్పుడు ఇళ్లలోకీ దిగుతోంది. లిథియం-అయాన్ బ్యాటరీని మొదట 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనక ఉన్న గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. ఇన్వర్టర్లకు వచ్చేది ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. మామను వేధించిన రెండో వాటాదారు దీని దగ్గర దాదాపు లేడు. వేగంగా తోడినా నిదానంగా తోడినా ఇంచుమించు అంతే ఇస్తుంది, అడుగుదాకా తోడినా సీసమంతగా నొచ్చుకోదు, నీళ్లు పోసే పని లేదు. ఖరీదు మాత్రం మొదట్లోనే గట్టిగా కొడుతుంది, ఎండ దీనికీ గిట్టదు. తెలుగునేల మీద ఈ మార్పు కంటికి కనిపిస్తోంది. 1985లో మొదలై తిరుపతి దగ్గర సీసపు బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా, ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం కర్మాగారం కడుతోంది.

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు ఇంటి గోడకు 13.5 యూనిట్ల లిథియం బ్యాటరీ బిగించుకున్నాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయాక అక్కడి మనవాళ్లు చాలామంది ఈ ఆలోచనలో పడ్డారు. తన డబ్బాకన్నా అది ఏడెనిమిది రెట్లు పెద్దదని విని మామ నోరు వెళ్లబెట్టాడు. కానీ అమెరికా ఇల్లు సగటున రోజుకు 29 యూనిట్లు తింటుంది. ఆ గోడ బ్యాటరీ వాళ్లకు సగం రోజు కూడా రాదు. రోజుకు నాలుగు యూనిట్లు వాడే హాలహర్వి ఇంటికి తెచ్చి బిగిస్తే మూడు రోజులు వస్తుంది.

ఇంకో అపోహ తీర్చి మామ ఇంటికి తిరిగొస్తాను. పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలయ్యాక మేడల మీద పలకలు కనబడుతున్నాయి. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. కిలోవాటు పలకకు మన ఎండలో రోజుకు నాలుగు యూనిట్లు సుమారుగా వస్తాయి. అయితే గ్రిడ్‌కు కలిపిన పలకలు, బ్యాటరీ లేకపోతే, ఊళ్లో కరెంటు పోగానే మిట్టమధ్యాహ్నం అయినా ఆగిపోతాయి. ఇది లోపం కాదు. స్తంభం ఎక్కిన లైన్‌మన్ తీగలో కరెంటు లేదనుకుని పట్టుకుంటే, మన మేడ మీది నుంచి వచ్చిన కరెంటు అతని ప్రాణం తీయకూడదని పెట్టిన ఏర్పాటు.

మామ ఇంట్లో మేం కొత్త బ్యాటరీ కొనలేదు. ఆ రెండేళ్ల పాతదాన్నే మెట్ల కింది గూటిలో నుంచి గాలాడే ఉత్తరపు వరండాకు మార్చాం. ఇన్వర్టర్ వెనక ఉన్న మీటను యూపీఎస్ నుంచి మామూలుకు తిప్పాం. యూపీఎస్‌లో పెడితే వోల్టేజి 180 కిందికి పడగానే, కరెంటు ఉన్నా సరే, బ్యాటరీ మీదికి మారిపోతుంది. లైను చివర ఇళ్లలో సాయంత్రాలు వోల్టేజి అంతకన్నా దిగడం మామూలే, అంటే కోతే లేకుండా బ్యాటరీ కరిగిపోతోందన్నమాట. పైగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది, ఆ లోపే రెండోసారి కరెంటు పోతే మిగిలిన దానితోనే సరిపెట్టుకోవాలి. రెండు సీలింగ్ ఫ్యాన్లు తీసి 30 వాట్ల బీఎల్‌డీసీవి, ట్యూబులు తీసి 20 వాట్ల ఎల్ఈడీవి బిగించాం. టేబుల్ ఫ్యాను అటకెక్కింది. రాత్రి టీవీ కట్టేశాక భారం 360 నుంచి 100 వాట్లకు వచ్చింది. భారం మూడున్నర రెట్లు తగ్గింది. సమయం ఎంత పెరగాలి? ప్యూకర్ట్ లెక్క ప్రకారం నాలుగున్నర రెట్లు, పదకొండు గంటల పైన. ఇన్వర్టర్ తన కోసం తినే పది పదిహేను వాట్లు పోను పది గంటలని మామకు చెప్పాను.

జూన్‌లో గాలివానకు స్తంభాలు ఒరిగి రాత్రంతా కరెంటు పోయింది. పొద్దున ఏడుకు ఫోన్ చేస్తే ఇంకా నడుస్తోందన్నాడు, గొంతులో గర్వం దాచుకోలేదు. వీధిలో వెలుగుతున్న ఇల్లు ఇదొక్కటే కావడంతో తెల్లారకముందే పక్కింటివాళ్లు పది ఫోన్ల దాకా పట్టుకుని వచ్చారట. ఒక్కో ఫోను నిండడానికి పాతిక వాట్-అవర్లు, పదింటికి రెండువందల యాభై. మామకు ఇప్పుడు లెక్క వచ్చేసింది కదా, "రెండున్నర గంటల కరెంటు పాయె" అని గొణిగాడు.

వెనక నుంచి అత్త గొంతు వినబడింది. "రెండున్నర గంటలే గదా, పెట్టుకోనీ."